తుంపరతో చలువ: అంతరిక్ష నౌకలకు, విమానాలకు స్ప్రే ఎవాపరేటర్ కట్టడం, లెక్క నుంచి పరీక్ష దాకా

కిలో నీరు ఆవిరైపోతూ దాదాపు 2,430 కిలోజౌళ్ల వేడిని తనతో పట్టుకుపోతుంది. అదే కిలో నీటిని ఊరికే 20 డిగ్రీలు వేడెక్కిస్తే అది తీసుకునేది 84 కిలోజౌళ్లే. వేసవిలో వట్టివేళ్ల తడిక గదిని చల్లబరిచేదీ, కక్ష్యలో తిరిగే నౌక తన వేడిని బయటికి తోసేసేదీ ఈ తేడాతోనే. తడిక దగ్గర మాత్రం తొందరేమీ లేదు, ఎండితే మళ్లీ చల్లుతాం. శూన్యంలో చల్లిన నీరు ఒక పక్క మరుగుతూనే ఇంకో పక్క గడ్డకడుతుంది. ఆ మరుగుకీ గడ్డకీ మధ్య ఉన్న సన్నని సందులో యంత్రాన్ని గంటల తరబడి నిలబెట్టాలి.

స్ప్రే ఎవాపరేటర్‌లో వేడిని మోసుకొచ్చే ద్రవం, అంటే కూలెంట్, ఒక సిలిండర్ గోడ బయటి వైపు తిరుగుతుంది; ఆ గోడ లోపలి వైపు నాజిల్ నీటిని తుంపరగా చిమ్ముతుంది. ఆ సిలిండర్‌నే ఇక్కడ కోర్ అంటాం. ఆ సందు ఎంత వెడల్పో తేల్చేది ఆవిరి బయటికి పోయే దారి. చాలామంది నాజిల్ కొనడంతో పని మొదలుపెట్టి, ఆవిరి దారిని చివర్లో దొరికిన గొట్టంతో సరిపెడతారు. తర్వాత వచ్చే ఇబ్బందుల్లో సగం అక్కడే పుడతాయి. అందుకే ఇక్కడ ముందు ఆవిరి దారి, తర్వాత గోడ, ఆ తర్వాతే నాజిల్. ఉదాహరణకు ప్రయోగశాలలో కట్టగలిగే 500 వాట్ల యూనిట్‌ను తీసుకుని, అసలు నౌకలోకి, విమానంలోకి వెళ్తే ఏం మారుతుందో చివర్లో చెబుతాం. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లో, పీడనాలన్నీ సంపూర్ణ శూన్యం నుంచి కొలిచినవి.

ముందు తేల్చుకోవాల్సింది: నీరు ఖర్చుపెట్టడం మీకు గిట్టుబాటేనా?

అంతరిక్షంలో వేడి పారబోయడానికి సహజమైన దారి రేడియేటర్. ఎండ తగలని పక్కకు తిరిగి ఉన్నా, 5 డిగ్రీల దగ్గర ఉన్న మంచి రేడియేటర్ పలక చదరపు మీటరుకు 290 వాట్లకు మించి పంపలేదు. 10 కిలోవాట్లు పంపాలంటే 35 చదరపు మీటర్లు కావాలి. అదే 10 కిలోవాట్లకు నీరైతే గంటకు 15 నుంచి 16 కిలోలు. రెండు గంటల పనికి నీరు నెగ్గుతుంది, రెండు వారాల పనికి రేడియేటర్ నెగ్గుతుంది. మధ్యలో ఎక్కడ తిరగబడుతుందో మీ రేడియేటర్ బరువును గంటల నీటి బరువుతో పోల్చి చూసుకోవాలి.

అమెరికా స్పేస్ షటిల్‌లో ఈ రెండూ ఉండేవి. రేడియేటర్లు సరుకు గది తలుపుల లోపలి వైపు ఉండటంతో, కక్ష్యలో తలుపులు తెరిచేదాకా అవి పనికిరావు. ఆ ఖాళీని ఫ్లాష్ ఎవాపరేటర్, అంటే ఇలాంటి తుంపర యంత్రమే, నింపేది. కక్ష్యలో కూడా రేడియేటర్లకు భారం ఎక్కువైనప్పుడు మిగతా వేడిని అదే తీసుకునేది. విద్యుత్తు కోసం పెట్టిన ఇంధన ఘటాల నుంచి ఉపఉత్పత్తిగా వచ్చే నీరే దానికి మేత. మోసుకెళ్లాల్సిన నీరు కాదు, ఎలాగూ మిగిలిపోయే నీరు. మీ వాహనంలో అలాంటి నీరు దొరకకపోతే లెక్క చాలా కఠినంగా మారుతుంది, ఆ సంగతి మొదటి రోజే ఒప్పుకోండి.

మెట్టు 1: పీడనం ఎంచుకోవడం

నీరు ఏ ఉష్ణోగ్రత దగ్గర మరగాలన్నది దాని మీదున్న పీడనం చెబుతుంది. ఈ నాలుగు అంకెలు గుర్తుంటే చాలు: 20 డిగ్రీలకు 2,339 పాస్కళ్లు, 10 డిగ్రీలకు 1,228, 5 డిగ్రీలకు 872, సున్నా దగ్గర 611. ఈ చివరిది త్రిక బిందువు, అంటే మంచు, నీరు, ఆవిరి మూడూ కలిసి ఉండగలిగే స్థితి. దానికంటే కిందికి పోతే ద్రవంగా ఉండాల్సిన నీరు మంచుగా మారుతుంది.

ఎత్తుతో బయటి పీడనం ఎలా మారుతుందో దీనితో జోడించండి. 10 కి.మీ. ఎత్తులో బయటికి తెరిచిన పాత్రలో నీరు 66 డిగ్రీల దగ్గర మరుగుతుంది. 20 కి.మీ. దగ్గర 35 డిగ్రీలు, 30 కి.మీ. దగ్గర సుమారు 9 డిగ్రీలు. షటిల్ ఫ్లాష్ ఎవాపరేటర్‌ను పైకి వెళ్లేటప్పుడు 1,40,000 అడుగులు దాటాకే వాడేవారు. దిగేటప్పుడు లక్ష అడుగుల దాకా, అంటే సుమారు 30 కి.మీ. దాకా పనిచేసేది. అంతకంటే కింద నీరు చల్లని ద్రవాన్ని ఇవ్వలేదు. అక్కడి నుంచి అమ్మోనియా బాయిలర్ అందుకునేది, ఎందుకంటే అమ్మోనియా మామూలు వాతావరణ పీడనం దగ్గరే మైనస్ 33 డిగ్రీలకు మరుగుతుంది.

మన యూనిట్‌లో కూలెంట్ 25 డిగ్రీలతో వచ్చి 10 డిగ్రీలతో బయటికి పోవాలనుకుందాం. కోర్ పీడనం 900 పాస్కళ్ల దగ్గర పెడితే నీరు ఐదున్నర డిగ్రీల దగ్గర మరుగుతుంది. కూలెంట్‌కు, నీటికి మధ్య 4 డిగ్రీల పైచిలుకు తేడా మిగులుతుంది, త్రిక బిందువుకు కాస్త దూరంగానూ ఉంటాం. షటిల్‌లో కూలెంట్‌ను దాదాపు 4 డిగ్రీలకు దించేవారు. అంటే వాళ్లకు గడ్డకట్టే అంచుకు మిగిలిన తేడా నాలుగు డిగ్రీలే. మొదటి యూనిట్‌కు ఆ లక్ష్యం పెట్టుకోవద్దు.

మెట్టు 2: ఆవిరి గొంతు సైజు

నీటిని 20 డిగ్రీల దగ్గర లోపలికి పంపితే, ఆవిరిగా బయటికి పోయేలోపు గ్రాముకు 2,427 జౌళ్లు తీసుకుంటుంది. 500 వాట్లకు సెకనుకు 0.206 గ్రాముల ఆవిరి. నూటికి ఐదు వంతులు ఆవిరి కాకుండా చుక్కలుగా పోతుందనుకుంటే 0.217 గ్రాములు, అంటే నిమిషానికి 13 గ్రాములు. ఈ 13ను గోడ మీద రాసిపెట్టుకోండి. పరీక్ష రోజున మీకు నిజం చెప్పే అంకె ఇదే.

ఆవిరి ఒక ఇరుకు గొంతులోంచి ధ్వని వేగంతో బయటికి పోయేలా చేస్తే, అవతలి వైపు పీడనం కొంచెం అటూఇటూ అయినా కోర్‌కు తెలియదు. అందుకు అవతలి పీడనం కోర్ పీడనంలో 54 శాతం కంటే తక్కువ ఉండాలి. మన విషయంలో 480 పాస్కళ్ల లోపు. ఈ స్థితిలో గొంతు చదరపు మీటరుకు, ఒక్కో పాస్కల్‌కు సెకనుకు 0.00187 కిలోల ఆవిరి పోతుంది. ప్రవాహ గుణకం 0.9 వేసుకుంటే 13 మి.మీ. వ్యాసం వస్తుంది, అప్పుడు పూర్తి లోడులో, అంటే 500 వాట్ల వేడి తీసేటప్పుడు, కోర్ 920 పాస్కళ్ల దగ్గర కుదురుతుంది.

ఇక్కడో కీలకమైన సంగతి. గొంతు సైజు మారదు కాబట్టి లోడు తగ్గితే పీడనం కూడా అదే నిష్పత్తిలో పడిపోతుంది. 333 వాట్ల దగ్గర, అంటే మూడింట రెండు వంతుల లోడులో, సరిగ్గా 614 పాస్కళ్లకు దిగుతుంది. అదే త్రిక బిందువు గుమ్మం. అంతకంటే తక్కువ లోడులో గోడ మీది నీటి పొర పలుచగా ఉన్న చోట గోడ వేడి కాపాడుతుంది కానీ నీరు మడుగు కట్టిన చోట గడ్డకట్టడం మొదలవుతుంది. చిన్న లోడుకు చిన్న కోర్, పెద్ద లోడుకు పెద్ద కోర్ విడిగా పెట్టడం దీనికి మంచి మందు. షటిల్‌లో కూడా ఒకే తొడుగులో టాపింగ్, హై లోడ్ అని రెండు ఎవాపరేటర్లు ఉండేవి. ప్రయోగశాలలోనైతే 13 మి.మీ. గొంతుతో పాటు 9 మి.మీ.ది కూడా చేయించి మార్చుకునేలా పెట్టుకోండి.

మెట్టు 3: కోర్

కూలెంట్‌గా బరువులో 30 శాతం ప్రొపిలీన్ గ్లైకాల్ కలిపిన నీరు వాడండి. సుమారు మైనస్ 13 డిగ్రీల దాకా గడ్డకట్టదు, విషపూరితమూ కాదు. 15 డిగ్రీల తేడాకు 500 వాట్లంటే నిమిషానికి అర లీటరు ప్రవాహం సరిపోతుంది.

ఉష్ణోగ్రత తేడాల లాగరిథమిక్ సగటు 10.3 డిగ్రీలు వస్తుంది. మొత్తం ఉష్ణ బదిలీ గుణకాన్ని చదరపు మీటరుకు, డిగ్రీకి 500 వాట్లుగా తీసుకుంటే 0.097 చదరపు మీటర్ల తడి గోడ కావాలి. ఇది జాగ్రత్తగా వేసుకున్న అంకె. లోపలి వ్యాసం 150 మి.మీ., పొడవు 220 మి.మీ. ఉన్న సిలిండర్ 0.104 ఇస్తుంది.

అల్యూమినియం 6061 కడ్డీలోంచి లేత్ మీద సిలిండర్ చెక్కించి, బయటి వైపు స్క్రూ మరలా కూలెంట్ కాలువ కోయించండి: 8 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. లోతు, కాలువకీ కాలువకీ మధ్య 2 మి.మీ. గట్టు. మొత్తం 22 చుట్లు, దాదాపు 11 మీటర్ల పొడవు, పీడన నష్టం 0.3 బార్ చుట్టుపక్కల. కాలువ అడుగుకీ లోపలి గోడకీ మధ్య 2 మి.మీ. లోహం మిగలాలి. పైన స్లీవ్, అంటే గొట్టంలాంటి తొడుగు, బిగుతుగా తొడిగి, రెండు చివరలా ఓ-రింగులు పెట్టాలి. స్లీవ్ వదులైతే కూలెంట్ కాలువ వదిలి గట్ల మీదుగా అడ్డదారిలో పోతుంది. లెక్కలో అంతా బాగానే ఉండి యూనిట్ సగమే పనిచేస్తుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

లోపలి గోడ మీద నీరు ముత్యాల్లా నిలబడకూడదు, పరుచుకోవాలి. అర మి.మీ. లోతు సన్న గాళ్లు చుట్టూ కోయించి, నూనె జిడ్డు పూర్తిగా పోయేలా కడిగి, మరిగే శుద్ధ నీటిలో అరగంట ఉంచండి. అల్యూమినియం మీద నీటిని ఇష్టపడే బోమైట్ పొర ఏర్పడుతుంది. ఆ తర్వాత లోపల చేత్తో ముట్టుకోవద్దు. ఒక్క వేలిముద్ర చాలు, అక్కడ పొడి మచ్చ మిగలడానికి.

సిలిండర్‌ను నిలువుగా పెట్టండి, నాజిల్ పై మూత మధ్యలో. ఆవిరి దారి కూడా పైనే, నాజిల్ చుట్టూ వలయంలా. అప్పుడు ఆవిరి కిందికి పోయి వెనక్కి తిరిగి పైకి రావాలి, బరువైన చుక్కలు ఆ మలుపు తిరగలేక గోడకో అడుగుకో కొట్టుకుంటాయి. వేడి కూలెంట్‌ను అడుగు నుంచి ఎక్కించి పైనుంచి తీయండి. నీరు ఎక్కువగా చేరేది అడుగునే, వేడి అక్కడే ఎక్కువ కావాలి.

మెట్టు 4: నాజిల్, వాల్వు

నీటి తుంపర ఎంత సన్నగా ఉంటే అంత మంచిదనే నమ్మకం ఇక్కడ చెల్లదు. వంద మైక్రాన్ల చుక్క సెకనుకు 20 మీటర్ల వేగంతో బయలుదేరితే పలుచని ఆవిరిలో మీటరుకు పైగా దూసుకుపోగలదు, 15 సెం.మీ. దూరంలో ఉన్న గోడ దానికో లెక్క కాదు. 20 మైక్రాన్ల చుక్క 5 సెం.మీ. లోపే వేగం కోల్పోయి, ఆవిరితో పాటు గొంతులోంచి బయటికి కొట్టుకుపోతుంది. గోడను తాకని చుక్క కూలెంట్ నుంచి వేడి తీసుకోదు, అది వృథా నీరే. పొగమంచు నాజిళ్లను అధిక పీడనంతో వాడకుండా 50 నుంచి 150 మైక్రాన్ల చుక్కలిచ్చేలా తక్కువ పీడనంలో నడపండి.

వాల్వు తెరిచి ఉండే సమయం పూర్తి లోడులో 70 శాతం అనుకుంటే, తెరిచినప్పుడు సెకనుకు 0.31 మి.లీ. పోవాలి. సుడి తిప్పే రకం నాజిల్, 0.2 మి.మీ. రంధ్రం, 3 బార్ పీడన తేడా దీనికి సరిపోతాయి. కోణం 60 డిగ్రీల దగ్గర ఉంటే తుంపర గోడ మధ్య భాగాన్ని తాకి అక్కడి నుంచి పరుచుకుంటుంది. నాజిల్ ముందు 10 మైక్రాన్ల ఫిల్టర్ తప్పనిసరి.

వాల్వు మామూలుగా మూసుకుని ఉండి కరెంటిస్తే తెరుచుకునే సొలెనాయిడ్ రకం కావాలి, కరెంటు పోతే నీరు ఆగిపోవాలి. వాల్వు సీటుకీ నాజిల్ రంధ్రానికీ మధ్య మిగిలే నీరు చాలా ప్రమాదం. వాల్వు మూసిన ప్రతిసారీ ఆ కాస్త నీరు బయటికి కారి, మరిగి, నాజిల్ ముక్కు మీద మంచు ముద్దగా పేరుకుంటుంది. 1 మి.మీ. దారి 25 మి.మీ. పొడవుంటే అందులో పట్టేది 0.02 మి.లీ. సెకనుకో పల్స్ చొప్పున, అంటే వాల్వును సెకనుకోసారి తెరిచి మూస్తూ నడిపితే పూర్తి లోడులో ఒక్కో పల్స్‌కు 0.22 మి.లీ. పోతుంది, అందులో ఇది పదో వంతులోపే. అంతకు మించనివ్వకండి. నాజిల్ శరీరానికి 5 వాట్ల హీటరు, గొంతుకూ దాని తర్వాతి గొట్టానికీ కలిపి 20 వాట్ల హీటరు చుట్టి 30 డిగ్రీల దగ్గర ఉంచండి.

మెట్టు 5: మిగతా సామాను

పెద్ద వాక్యూమ్ చాంబర్ అక్కర్లేదు. కోర్, గొంతు, 50 మి.మీ. గొట్టం, ఆవిరిని మంచుగా పట్టేసే చల్లని ట్రాప్, పంపు, ఇంతే వరస. ట్రాప్ లేకపోతే పంపు గంటకు 100 ఘనపు మీటర్లకు పైగా ఆవిరి మింగాలి, నూనె పంపులో ఆ నీరంతా చేరి నూనె పాలలా తెల్లబడుతుంది. ట్రాప్ ఉంటే గంటకు 16 ఘనపు మీటర్ల రెండంచెల రోటరీ పంపు చాలు.

- ట్రాప్: పొడి మంచు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి మైనస్ 78 డిగ్రీలు. 20 నిమిషాల పరీక్షకు, ముందు చల్లబరచడంతో కలిపి, 4 కిలోల పొడి మంచు. మంచు పట్టే ఉపరితలం కనీసం 0.1 చదరపు మీటరు. ద్రవ నత్రజని కూడా వాడొచ్చు కానీ ఎక్కడైనా లీకు ఉంటే గాలిలోని ఆక్సిజన్ ట్రాప్‌లో ద్రవమై చేరుతుంది. అలవాటు లేనివాళ్లు దాని జోలికి పోవద్దు. ఏది వాడినా గది తలుపులు తీసి ఉంచండి, ఆల్కహాల్ దగ్గర నిప్పు ఉండకూడదు.
- నీటి ట్యాంకు: లోపల రబ్బరు సంచి ఉన్నది, 1 లీటరు, బయటి నుంచి 3 బార్ నత్రజని. సంచి లేకుండా నేరుగా గ్యాస్ తోస్తే అది నీటిలో కరిగి నాజిల్ దగ్గర బుడగలై తుంపరను చెదరగొడుతుంది. ట్యాంకును 0.1 గ్రాము చూపే తూకం మీద పెట్టండి.
- నీరు: డీఅయనైజ్డ్, అంటే లవణాలు తీసేసినది, 15 నిమిషాలు మరిగించి చల్లార్చినది. లీటరులో 100 మి.గ్రా. లవణాలున్న నీరు వాడితే గంటకు దాదాపు 78 మి.గ్రా. గార గోడ మీద పడుతుంది, బోమైట్ పొర గుణం కొద్ది గంటల్లో పోతుంది.
- పీడన గేజ్: కెపాసిటెన్స్ మానోమీటర్, 2,000 పాస్కళ్లకు పైన చూపేది. పిరానీ గేజ్ వద్దు. అది నత్రజనికి సరిచేసినది, నీటి ఆవిరిలో తప్పు చూపుతుంది.
- ఉష్ణోగ్రత: కూలెంట్ లోపలికొచ్చే చోట, బయటికెళ్లే చోట నాలుగు తీగల పీటీ100 (ప్లాటినం ఉష్ణోగ్రత సెన్సర్). గోడ అడుగున రెండు థర్మోకపుల్స్.

మెట్టు 6: నడపడం

1. పొడిగా ఉన్న కోర్‌ను ఖాళీ చేసి, పంపు వాల్వు మూసి, పది నిమిషాలు చూడండి. నిమిషానికి 10 పాస్కళ్ల కంటే వేగంగా పెరిగితే లీకు ఉంది. సరిచేయకుండా ముందుకెళ్లొద్దు.
2. కూలెంట్‌ను 25 డిగ్రీల దగ్గర తిప్పుతూ, నాజిల్, గొంతు హీటర్లు ఆన్ చేసి 20 నిమిషాలు ఆగండి.
3. పీడనం 100 పాస్కళ్ల కిందికి దిగాక ట్రాప్‌లో పొడి మంచు వేయండి.
4. 10 శాతం పల్స్‌తో, అంటే వాల్వు పదో వంతు సమయమే తెరిచి ఉండేలా, మొదలుపెట్టండి. ప్రతి పల్స్‌కు పీడనం చిన్నగా పైకి లేచి దిగాలి. లేవకపోతే నాజిల్ మూసుకుపోయి ఉంటుంది, లేచి దిగకపోతే నీరు మడుగు కడుతోంది.
5. ఐదు నిమిషాల్లో పూర్తి లోడుకు తీసుకెళ్లండి. తక్కువ లోడు దగ్గర ఎక్కువసేపు తచ్చాడొద్దు, అదే మంచు పట్టే చోటు.
6. స్థిరపడ్డాక 20 నిమిషాలు నడపండి. ఆపేటప్పుడు ముందు నీరు ఆపి, వేడి కూలెంట్‌ను పీడనం 50 పాస్కళ్ల లోపు పడేదాకా తిప్పండి. ఆ తర్వాతే పంపును వేరుచేసి, ట్రాప్ కరగనివ్వండి.

నీటిని తనంతట తానే ఆపేసే కాపలాలు మూడు ఉండాలి: కూలెంట్ ప్రవాహం నిమిషానికి 0.3 లీటర్ల కింద పడితే, కోర్ పీడనం 2,000 పాస్కళ్లు దాటితే, అడుగు గోడ 1 డిగ్రీ కంటే చల్లబడితే.

కంట్రోలర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కాలువలో కూలెంట్ పరిమాణం దాదాపు 260 మి.లీ., ప్రవాహం సెకనుకు 8.4 మి.లీ. అంటే లోపలికొచ్చిన మార్పు బయటి సెన్సర్‌కు తెలియడానికి అర నిమిషం పడుతుంది. బయటి ఉష్ణోగ్రత ఒక్కదాన్నే చూసి నీరు పెంచే కంట్రోలర్ ఆ అర నిమిషంలో అవసరానికి మించి చల్లేస్తుంది, తర్వాత ఒక్కసారిగా ఆపేస్తుంది, ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపులోనే మంచు పుడుతుంది. కాబట్టి పల్స్ శాతాన్ని లోపలికొచ్చే ఉష్ణోగ్రత నుంచే లెక్కగట్టండి: కూలెంట్ ప్రవాహాన్ని దాని విశిష్టోష్ణంతో, 10 డిగ్రీలకు పైన ఉన్న తేడాతో గుణించి, ఆ వాట్లను 715తో భాగించాలి. 2,427ను 0.95తో, 0.31తో గుణిస్తే వచ్చేదే ఆ 715. పూర్తి లోడులో 0.70 వస్తుంది. బయటి సెన్సర్‌కు చిన్న దిద్దుబాటు అధికారం మాత్రమే, అదీ నెమ్మదిగా పనిచేసేలా ఇవ్వండి.

ఏం చెడుతుంది, ఎందుకు చెడుతుంది

కూలెంట్ నుంచి పోయిన వేడిని, తూకంలో తగ్గిన నీటిని ప్రతి నిమిషం పక్కపక్కన చూస్తూ ఉంటే దాదాపు అన్ని రోగాలూ బయటపడతాయి.

నీరు నిమిషానికి 13 గ్రాముల బదులు 16 తాగుతోంది, చల్లదనం మాత్రం అంతే ఉంది అంటే చుక్కలు కొట్టుకుపోతున్నాయి. ట్యాంకు పీడనం తగ్గించి చుక్కలు పెద్దవి చేయండి. తగ్గకపోతే ఆవిరి వలయానికి ముందు అడ్డు పలక పెట్టాలి. దాన్ని కూడా వెచ్చగా ఉంచాలి, లేకపోతే అదే మంచు గూడవుతుంది.

నీరు సరిగ్గానే పోతోంది కానీ కూలెంట్ బయటి ఉష్ణోగ్రత మెల్లగా పెరుగుతోంది, పీడనం మెల్లగా దిగుతోంది. ఇది లోపల మంచు పేరుకుంటున్న గుర్తు. చల్లిన నీరు ఆవిరి కాకుండా నిలవ ఉండిపోతోంది. ఈ స్థితిలో మరింత నీరు చల్లడం అత్యంత సహజంగా అనిపించే తప్పు. నీరు ఆపి, వేడి కూలెంట్ తిప్పి, పీడనం ఒకసారి పైకి లేచి పూర్తిగా పడేదాకా ఆగండి. షటిల్‌లోనూ ఎవాపరేటర్‌లో మంచు చేరినప్పుడు కోర్ ఫ్లష్ అనే పద్ధతితో దాన్ని కరిగించి వదిలించేవారు.

పీడనం పెరుగుతూ, చల్లదనం తగ్గుతుంటే రెండే కారణాలు: గాలి లీకు, లేదా ట్రాప్ నిండిపోవడం. 20 నిమిషాల్లో ట్రాప్ మీద 250 గ్రాములకు పైగా మంచు చేరుతుంది. అది మందమయ్యేకొద్దీ దాని పైతలం వెచ్చబడుతుంది.

గోడ ఒక పక్క వెచ్చగా, ఇంకో పక్క చల్లగా ఉంటే నాజిల్ రంధ్రంలో నలుసు పడి తుంపర ఒక వైపు వాలింది. బయటికి తీసి మామూలు గాలిలో ఒక గాజు పలక మీద చల్లి చూడండి. వలయం చుట్టూ ఒకేలా తడవాలి.

ఇవన్నీ దాటి, నీటి వినియోగ సామర్థ్యం, అంటే చల్లిన నీటిలో నిజంగా ఆవిరై చల్లదనమిచ్చిన వంతు, 0.93 పైన నిలిచిందా? అప్పుడు సిలిండర్‌ను అడ్డంగా పడుకోబెట్టి మళ్లీ నడపండి. నిలువుగా, అడ్డంగా ఫలితాల్లో 5 శాతానికి మించి తేడా వస్తే మీ పొరను పరుస్తున్నది గురుత్వాకర్షణ. కక్ష్యలో అది దొరకదు. గాళ్లను ఇంకా సన్నగా, దగ్గరగా కోయించి మళ్లీ ప్రయత్నించాలి.

నౌకలోకి ఎక్కిస్తే

ఆవిరి చిన్న రాకెట్‌లా తోస్తుంది. 10 కిలోవాట్ల యూనిట్ ఆవిరి మొత్తం ఒకే వైపు పోతే సుమారు 2.7 న్యూటన్ల తోపు. ఒక టన్ను నౌక వేగాన్ని గంటలో సెకనుకు 10 మీటర్ల దాకా మార్చేస్తుంది. షటిల్ టాపింగ్ ఎవాపరేటర్ ఆవిరిని రెండు పక్కలకూ సమంగా పంచి వదిలేది. హై లోడ్ దానిది మాత్రం ఎడమ పక్కకే పోయేది, దాని తోపును లెక్కలోకి తీసుకోవాల్సి వచ్చేది. నక్షత్ర సెన్సర్లు, కటకాలు ఉన్న వైపు గొంతు పెట్టకూడదు. బయటికొచ్చిన ఆవిరిలో పుట్టే మంచు రేణువులు ఎండలో నక్షత్రాల్లాగే మెరుస్తాయి.

లోడు చిన్నదైతే, వ్యోమగామి సూట్‌లాంటి వాటికి, తుంపర కంటే సబ్లిమేటర్ మేలు. అపోలో చంద్ర మాడ్యూల్‌లో, చంద్రుడి మీద వేసుకున్న సూట్లలో అదే ఉండేది. సన్నని రంధ్రాల పలకలో నీటిని కావాలనే గడ్డకట్టించి, ఆ మంచును నేరుగా ఆవిరి చేస్తుంది. అందులో వాల్వు కొట్టుకోవడం ఉండదు, కంట్రోలర్ ఉండదు. రంధ్రాలు పూడుకుపోవడమే దాని బలహీనత.

విమానంలో

విమానాలు ఎగిరే ఎత్తుల్లో నీరు 35 నుంచి 66 డిగ్రీల మధ్య మరుగుతుంది కాబట్టి దానితో నేరుగా క్యాబిన్‌ను చల్లబరచలేం. వేడి నూనెకు మాత్రం చక్కగా సరిపోతుంది. షటిల్ హైడ్రాలిక్ పంపులు నడిపే యూనిట్ల నూనెను 121 డిగ్రీల దగ్గర ఉంచడానికి మూడు వాటర్ స్ప్రే బాయిలర్లు ఉండేవి, ఒక్కోదానిలో దాదాపు 64 కిలోల నీరు. గొట్టాల కట్ట మీద నీరు చిమ్మడమే పని. అక్కడా గడ్డకట్టే బెడద తప్పలేదు. తర్వాతి ప్రయాణాల్లో నీటికి ప్రొపిలీన్ గ్లైకాల్ మోనోమిథైల్ ఈథర్ కలిపారు. ఏ మిశ్రమం కలిపినా మరిగేటప్పుడు ఒకటి ముందు పోయి ఇంకొకటి మిగిలిపోకుండా, రెండూ కలిసే ఆవిరయ్యే నిష్పత్తి ఎంచుకోవాలి. మన వైమానిక దళం 1981 నుంచి 2006 దాకా నడిపిన మిగ్-25 కూడా ఇలాంటిదే. పరికరాలను చల్లబరచడానికి అది నీరు, ఆల్కహాల్ మిశ్రమాన్ని ఆవిరి చేసేది.

సొంతంగా బాయిలర్ కట్టేవారు ఆవిరి దారిలో పీడనాన్ని నిలిపే వాల్వు పెట్టాలి. 20 కిలోపాస్కళ్లకు అమర్చితే, సుమారు 12 కి.మీ. దాటాక ఎంత ఎత్తులోనైనా నీరు 60 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. అది లేకపోతే పైకి వెళ్లేకొద్దీ నూనె అతిగా చల్లబడి చిక్కబడుతుంది. నేల మీద మాత్రం ఏ వాల్వూ 100 డిగ్రీల కిందికి తేలేదు, నేల మీది పరుగు పరీక్షను వేరే చలువతో చేయండి.

ప్రయాణికుల జెట్లలో ప్రతిరోజూ నడిచే తుంపర ఇంకొకటుంది. ఏసీ ప్యాక్‌లో గాలి చల్లబడినప్పుడు విడిపోయే నీటిని పారబోయకుండా, ఉష్ణ వినిమయకం ముందు రామ్ గాలిలోకి, అంటే చలువ కోసం బయటి నుంచి తీసుకునే గాలిలోకి, చిమ్ముతారు. విశాఖలో వర్షాకాలం 30 డిగ్రీలు, 80 శాతం తేమ అనుకోండి. కిలో గాలిలో 21 గ్రాములకు పైగా నీరుంటుంది. సెకనుకు అర కిలో గాలి నడిచే ప్యాక్, కిలోకు 15 గ్రాములు వేరుచేస్తే సెకనుకు 7.5 గ్రాములు. అదంతా ఆవిరైతే 18 కిలోవాట్ల అదనపు చలువ, ఒక్క కిలో నీరు కూడా అదనంగా మోయకుండా. ఆ ఇంజెక్టర్ రంధ్రం గారతోనో దుమ్ముతోనో పూడుకుపోతే నీరు తుంపరగా కాక ధారగా కారి ఆవిరి కాకుండానే పోతుంది. తేమ రోజుల్లో మాత్రమే ప్యాక్ బయటి ఉష్ణోగ్రత ఎక్కువ చూపించి, పొడి రోజుల్లో మామూలుగా ఉంటే కంప్రెసర్ చక్రం విప్పే ముందు ఇంజెక్టర్ తీసి చూడండి. దాంతో పాటు వినిమయకం ముఖం మీద నీటి చారలు ఒక మూలే ఉన్నాయా, అంతటా పరుచుకున్నాయా అన్నది టార్చి వేసి గమనించండి.